హెడ్‌ఫోన్ కన్నం ఉన్న పెట్టె

ఫోన్ మోగేసరికి నెవెన చేతులు రెండూ మణికట్ల దాకా నల్లగా ఉన్నాయి. బాల్కనీలో కాల్చిన ఎర్ర బుంగమిరపకాయలకి పొట్టు తీస్తోంది. మసి తుడుచుకునేలోగా ఫోన్ ఎక్కడ ఆగిపోతుందోనని, "వుకాషిన్! ఫోన్ నా చెవి దగ్గర పెట్టు!" అని కేకేసింది. పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు కాబట్టి వుకాషిన్ పరుగెత్తుకొచ్చాడు. ఫోన్ ఆమె చెవికి ఆనించి, అటువైపు తన చెవి కూడా ఆనించాడు.

"నెవెనా, నేను గోరిత్సని. అందరం మాట్లాడుకున్నాం. మా బ్యాండ్‌కి గిటార్ నువ్వే," అంది అవతలి గొంతు. "వచ్చే శనివారం సాయంత్రం మొదటి రిహార్సల్. పాటలన్నీ పంపిస్తున్నా, నేర్చుకుని రా. లేకపోతే ఆ చెవిపోగువాణ్ణి పిలవాలి. వాడు పాటకంటే ముందే అద్దం చూసుకుంటాడు, నావల్ల కాదు."

నెవెన కెవ్వున అరిచింది. ఆ అరుపు సగంలో ఉండగానే వుకాషిన్ ఆమె నోరు మూసేశాడు. ఇద్దరూ అలాగే నిలబడి నేల వైపు చూశారు. ఆ నేల కింద, మూడో అంతస్తులో, జగోర్క పిన్ని ఉంటుంది. ఆమె భర్త స్వెతోజార్ పోయి నెల దాటింది. ఆయన ఫొటో ఉన్న నల్ల అంచు కాగితం ఇంకా కింద గుమ్మం అద్దానికి అంటించే ఉంది. ఆయన నలభయ్యో రోజు కర్మ వచ్చే శనివారమే. ఆ లోపల ఆ బిల్డింగు మెట్ల మీద పాట వినపడకూడదు. ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో అంతస్తు లెపోసావ తన మనవరాలి పుట్టినరోజుకి కొవ్వొత్తులు ఊదించి, పాట లేకుండా చప్పట్లు కొట్టించింది. బిల్డింగు ప్రెసిడెంటు రదిసావ్ బాబాయ్ సైకిళ్ళ గదిలో పెట్టుకునే రేడియో కూడా ఇంట్లోకి తీసుకెళ్ళిపోయాడు.

"సంతోషం కూడా గుసగుసగా పడాలన్నమాట," అంది నెవెన అతని అరచేతిలోంచి. ఆ చేతిని లాగబోతే అతని చేతికి మసి అంటింది. ఆ చెయ్యి ఆమె చెంపకి తగిలి అక్కడా అంటింది. దాన్ని తుడవబోయి అతను ఇంకొంచెం పూశాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

గిటార్ ఉంది. సౌండు పెంచే పెట్టె, యాంప్, లేదు. ఎంపికకి వెళ్ళినప్పుడు వాళ్ళ యాంప్‌లోనే వాయించింది. యాంప్ లేని ఎలక్ట్రిక్ గిటార్ దుప్పటి కింద దోమ పాడినట్టు ఉంటుంది. ఏ వేలు ఏ తీగెని అనవసరంగా తాకుతోందో అందులో తెలియదు. పెద్ద సౌండు పెట్టినప్పుడే తప్పులన్నీ బయటికొస్తాయి.

"సరే, యాంప్ కొందాం," అన్నాడు వుకాషిన్. ఫ్రిజ్ వాయిదా ఇంకా తీరలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే బజారుకి వెళ్ళారు. వాయిద్యాల కొట్లో అమ్మేవాడు గోడ మీంచి గిటార్ ఒకటి తీసి, మీట సరిచేసి, తిన్నగా వుకాషిన్ చేతిలో పెట్టాడు. "మీకు ఎలాంటి సౌండ్ కావాలి సార్? గట్టిగా? మెత్తగా?"

వుకాషిన్ కేబుళ్ళ ఫ్యాక్టరీలో యంత్రం నడిపే మనిషి. గిటార్‌ని చీపురు పట్టుకున్నట్టు పట్టుకుని, తీగెలన్నిటి మీదా ఒక్కసారి ఊడ్చాడు. కొట్లో ఉన్న కుర్రాళ్ళంతా తలలు తిప్పారు.

"ఇలాంటిది," అన్నాడు గంభీరంగా. "కాకపోతే మా ఆవిడ వాయిస్తే బాగుంటుందేమో. ఆవిడకి వచ్చు."

అమ్మేవాడు ఎర్రబడ్డాడు. నెవెనకి కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆమె గిటార్ అందుకుని కింద కూర్చుని, ముందు చిన్న యాంప్ పెట్టె ఒకదానికి కేబుల్ తగిలించింది. దానిలో వంద రకాల సౌండ్లున్నాయి. మీట నొక్కితే గుడిలో మోగినట్టు, ఇంకోటి నొక్కితే స్టేడియంలో మోగినట్టు. "ఇందులో తప్పు వాయించినా ముద్దుగానే ఉంటుంది," అని కేబుల్ లాగేసింది. "తప్పుని తప్పులాగే వినిపించేది కావాలి నాకు."

రెండోది పాత రేడియోల్లోలా గాజు వాల్వులున్నది. స్విచ్ వేస్తే వెంటనే పలకలేదు. వెనక చిన్న చిన్న నారింజ దీపాలు మెల్లగా వేడెక్కాయి. ఆ తర్వాత ఒక్క తీగె మీటింది. ఆమె మొహం చూసి వుకాషిన్ అటువైపు తిరిగి ధర చీటీ వెతికాడు.

"ఐదు వాట్లే కదా," అన్నాడు ఆశగా. "చిన్నదేగా? మనింట్లో బల్బే అంతకంటే ఎక్కువ."

"ఈ వాల్వుల యాంప్‌లో ఐదు వాట్లంటే జగోర్క పిన్ని నెత్తిన పిడుగే. తగ్గించి పెడితే మూలుగుతుంది తప్ప పలకదు. పైగా చూడు, హెడ్‌ఫోన్ కన్నం లేదు." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి చూసింది, నారింజ దీపాలు ఇంకా ఆరలేదు. "మనకి కావలసింది బాగా మోగేది కాదు. అస్సలు మోగకుండా ఉండేది."

అలాంటిది ఆదివారం దొరికింది. ఊరి చివర మియోద్రాగ్ అనే అతను పాత యాంప్ అమ్ముతానని ప్రకటన పెట్టాడు. ఫొటోలో హెడ్‌ఫోన్ కన్నం కనిపిస్తోంది. నెవెన తన గిటారే వీపున వేసుకుని వుకాషిన్‌తో బయల్దేరింది. మరొకరి గిటార్‌తో చూస్తే ఏ యాంప్ అయినా మోసం చేస్తుందని ఆమె నమ్మకం. హెడ్‌ఫోన్లు మాత్రం వుకాషిన్ తండ్రివి, రేడియో క్లబ్బు రోజులవి. రెండు సూపు గిన్నెలంత ఉంటాయి. చెవులకి పెట్టుకుంటే పక్కన ఇల్లు కూలినా తెలియదు.

మియోద్రాగ్ ముందు తనే వాయించి చూపించాడు. చాలా బాగా వాయించాడు.

"అన్నా, మీ చేతిలో అయితే అగ్గిపెట్టె కూడా బాగానే మోగుతుంది," అంది నెవెన. "నన్ను చూడనివ్వండి."

అతను నవ్వుతూ జరిగాడు. నెవెన మీటలన్నీ మధ్యకి తిప్పి పెట్టింది. ఒక్కో తీగె విడిగా మీటింది. తర్వాత చేతులు తీసేసి, ఊరికే మోగే బుస్సుమనే చప్పుడు ఎంతుందో విన్నది. సౌండు మీట తిప్పితే కరకరలాడింది. "దుమ్మంతే," అన్నాడు మియోద్రాగ్. ఆ మాట నిజమే. స్పీకర్ గుడ్డ ఒక మూల చిరిగింది, వాయింపుకి అడ్డం లేదు. ఎర్ర దీపం చిన్న దానిమ్మ గింజలా ఉంది. అది చూసి ఎందుకో ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా హెడ్‌ఫోన్లు తగిలించబోతుండగా పెరట్లోంచి మియోద్రాగ్ తల్లి అరిచింది. "ఒరేయ్, మిరపకాయలు మాడిపోతున్నాయి! పెట్టెలు తర్వాత అమ్ముకుందువుగాని! నీ దగ్గరికొచ్చిన ఆ పొడుగాయన్ని కూడా పిలువు, కాల్చే డబ్బా తిప్పుతాడు!"

ఇద్దరు మగాళ్ళూ పెరట్లోకి పరుగెత్తారు. నెవెన ఒక్కతే గదిలో మిగిలింది. ప్లగ్గు కన్నంలోకి తోసి, ఆ రెండు గిన్నెలూ చెవులకి పెట్టుకుని ఒక తీగె మీటింది. నుదుటి లోపల దీపం వెలిగినట్టు సౌండు వచ్చింది. ఇంకోసారి మీటింది. అరచేత్తో తీగెలు నొక్కి ఆపి, హెడ్‌ఫోన్లు తీసి, కిటికీలోంచి అరిచింది. "పనిచేస్తోంది! తీసుకుంటున్నాం!"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో యాంప్ వుకాషిన్ ఒళ్ళో, వాళ్ళు ఇచ్చిన మిరపకాయల పచ్చడి సీసా నెవెన ఒళ్ళో. బస్సంతా వెల్లుల్లి వాసన. పెళ్ళి కానుకల్లో ఏదీ ఇంత బాగాలేదని ఆమె అనుకుంది.

సోమవారం నుంచి అదే వరస. నీళ్ళ పరీక్షల ల్యాబులో పని ముగించుకుని ఆమె ఇంటికొచ్చేసరికి వుకాషిన్ రెండో షిఫ్టుకి వెళ్ళిపోయి ఉంటాడు. బల్ల మీద మూతపెట్టిన గిన్నె, దాని మీద ఏదో ఒక వెర్రి బొమ్మ గీసిన చీటీ. ఆమె తిని, బిల్డింగులో మధ్యాహ్నం చప్పుడు చెయ్యకూడని వేళ దాటేదాకా ఆగి, మంచం అంచున కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. దానిమ్మ గింజ వెలిగేది. ఇక ప్రపంచం లేదు. గోరిత్స పంపిన పాటల్లో ఒకచోట చిటికెన వేలు చాలా దూరం చాచాలి. అక్కడే తప్పేది. తప్పిన చోటికే మళ్ళీ వెళ్ళేది. కాలికింద నేల సన్నగా గుర్రుమంటున్నట్టు ఉండేది. తన సంతోషమే పాదాల దాకా దిగుతోందనుకుంది. ఆపాల్సినప్పుడు అలవాటు కొద్దీ ముందు అరచేత్తో తీగెలు నొక్కి, ఆ తర్వాతే చెవులు విప్పేది.

బుధవారం పొద్దున ఉత్తరాల పెట్టెల దగ్గర జగోర్క పిన్ని కనిపించింది. నల్ల రుమాలులో ఆమె మొహం చిక్కిపోయి ఉంది.

"పడుకుంటున్నారా పిన్నీ?"

"ఎక్కడ తల్లీ. సాయంత్రం కాస్త కన్నంటుకునే వేళకి నెత్తి మీద మోత మొదలవుతుంది. అదే చోట ఆగుతుంది, మళ్ళీ మొదలు. ఆయన ఉంటే వెళ్ళి తలుపు కొట్టేవాడు." ఆమె తాళంచెవి పెట్టెలో తిప్పింది. "నేనేం అనలేదు. మా చెల్లెలే రదిసావ్‌తో చెప్పింది."

"అయ్యో," అంది నెవెన. నిజంగానే బాధపడింది. నాలుగో అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి తమది. రెండోదాంట్లో అద్దెకుండే బైరామ్ పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తాడు. వీళ్ళు కాపురానికి దిగిన రోజు బట్టలుతికే మిషన్ నాలుగంతస్తులూ వుకాషిన్‌తో కలిసి మోసింది అతనే. మోసి, చెమట తుడుచుకుంటూ, "మొదటి పిల్ల పుట్టినప్పుడు వాయింపు ఫ్రీ. రెండో పిల్ల నుంచి డబ్బులు," అన్నాడు. పిన్ని కోసం బైరామ్ ఇంకో రెండు మూడు రోజులు ఆగొచ్చుగా, అనుకుంటూ నెవెన బస్సెక్కింది.

గురువారం సాయంత్రం సైకిళ్ళ గదిలో మీటింగు. అందరూ నిలబడే ఉన్నారు. జగోర్క పిన్ని రాలేదు. బైరామ్ గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, తలుపు పక్కనే ఉన్నాడు.

"సంగతి అందరికీ తెలిసిందే," అన్నాడు రదిసావ్ బాబాయ్. "మూడు రోజులుగా సాయంత్రాలు వాయింపు. జగోర్క నెత్తి మీదే. ఇంట్లో నలభై కూడా కాలేదు. ఏం బైరామ్, నీకెవరూ పోలేదా ఎప్పుడూ?"

"పోయారు బాబాయ్. అందుకే హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తున్నా. స్వెతోజార్ గారు పోయిన రోజు నుంచీ."

"మరి మోగుతున్నదేంటి? గోడలా?"

"నాకేం తెలుసు. నా కీబోర్డు కాదు."

"వీళ్ళ జాతివాళ్ళు పాట లేకుండా ఉండలేరండీ," అంది లెపోసావ, అతన్ని కాక రదిసావ్‌ని చూస్తూ. "రక్తంలోనే ఉంటుంది. మా ఊళ్ళో కూడా ఇంతే, శవం ఇంట్లో ఉండగానే మొదలెడతారు."

ఎవరూ ఆమెని ఆపలేదు. ఒకాయన సైకిల్ గంట మీద దుమ్ము తుడిచాడు. నెవెనకి చెవులు వేడెక్కాయి.

"నిన్న సాయంత్రం నేనే పైకెళ్ళా," అన్నాడు రదిసావ్. "మెట్ల దగ్గరికొచ్చేసరికి మోత, పైకి చేరేసరికి ఆగింది. నాలుగో అంతస్తులో రెండు తలుపులూ కొట్టా. ఈ కొత్తకోడలి ఇంట్లో ఎవరూ లేరు, ఎంతసేపు బెల్లు కొట్టినా తియ్యలేదు. ఇతను మాత్రం తీశాడు. మెడలో హెడ్‌ఫోన్లు, వెనక బల్ల మీద వాయిద్యం. ఇంకేం సాక్ష్యం కావాలి?"

నెవెన తల ఎత్తింది. నిన్న సాయంత్రం తను ఇంట్లోనే ఉంది. బెల్లు వినపడలేదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. నేనూ హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయిస్తున్నా, పక్కన ఇల్లు కూలినా తెలియదు, ఆయన చెప్పేది నిజమే కావచ్చు. కానీ అంటే? నలభై లోపల నువ్వు కూడానా, అంటారు. చప్పుడు లేకుండా అయినా సరే, వాయించావు కదా, అంటారు. కొత్తకోడలు. రెండు నెలలు. జగోర్క పిన్ని రేపు తన మొహం ఎలా చూస్తుంది? నెవెన తల దించుకుని సైకిల్ చక్రంలో ఊచలు చూస్తూ ఉండిపోయింది.

తల ఎత్తేసరికి బైరామ్ తననే చూస్తున్నాడు.

"నీ ఇంటి యజమానురాలితో ఫోన్లో మాట్లాడా," అన్నాడు రదిసావ్. "శనివారం సాయంత్రానికి ఖాళీ చెయ్యమంది. నాకు నీ మీద కోపం లేదు బైరామ్. కానీ మర్యాద అనేది ఒకటుంది."

"ఉంది," అన్నాడు బైరామ్. "చూస్తున్నా."

మెట్ల మీద అతని వెనకే ఎక్కింది నెవెన. మూడో అంతస్తు దాటాక ఆగలేకపోయింది. "బైరామన్నా, నేను నమ్ముతున్నా. మీరు హెడ్‌ఫోన్లలోనే వాయిస్తున్నారని."

అతను తాళం తీస్తూ ఆగాడు. ఆమె వైపు చాలాసేపు చూశాడు. "నమ్ముతున్నావా," అన్నాడు. "మంచిది." తలుపు మూసుకుంది.

శుక్రవారం ఆమె వాయించకూడదనే అనుకుంది. కానీ మర్నాడే రిహార్సల్. చిటికెన వేలు ఇంకా ఆ చోట తప్పుతూనే ఉంది. పైగా ఇల్లంతా ఆ సైకిళ్ళ గదిలా ఉంది, ఎక్కడ కూర్చున్నా ఊచలే కనిపిస్తున్నాయి. కింద జగోర్క పిన్ని లేదు. మర్నాటి వంటల కోసం ఆమెని చెల్లెలు తన ఇంటికి తీసుకెళ్ళింది. పొద్దునే వస్తుంది. నెవెన మంచం అంచున కూర్చుంది. కళ్ళు మూసుకుని, మూడు తీగెలు కలిపి గట్టిగా కొట్టి, ఆ చోటికి దూకింది. ఈసారి వేలు అందింది. ఎంత తేలిగ్గా అందిందంటే నవ్వొచ్చింది. ఆ స్వరాన్ని అలాగే మోగనిచ్చి, కుడి చెయ్యి గాల్లోకి లేపి కళ్ళు తెరిచింది.

గుమ్మంలో వుకాషిన్. చేతిలో వేడి బురెక్ రొట్టె ఉన్న కాగితం పొట్లం, అడుగున నూనె మరక. ఫ్యాక్టరీలో యంత్రం ఆగిపోయిందని తొందరగా పంపేసి ఉంటారు. అతని నోరు కదులుతోంది. మొహం నవ్వుమొహం కాదు. రెండడుగుల్లో వచ్చి, ఆమె చెవుల మీంచి హెడ్‌ఫోన్లు పైకి లేపాడు.

హెడ్‌ఫోన్లు పోయాయి. సౌండు పోలేదు.

అదే స్వరం, ఇప్పుడు చెవుల్లో కాదు, గదిలో మోగుతోంది. కిటికీ అద్దం సన్నగా వణుకుతోంది. బల్ల మీద గ్లాసులో చెంచా వణుకుతోంది. నేల మీద ఆ పెట్టె, చిరిగిన గుడ్డ వెనక, నోరు తెరుచుకుని పాడుతోంది.

"మెట్ల కింద నుంచీ వినపడుతోంది నెవెనా," అన్నాడు వుకాషిన్. "హెడ్‌ఫోన్లు పెట్టుకున్నావుగా! ఇదేంటి?"

నెవెన అరచేత్తో తీగెలు నొక్కింది. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆమె వంగి ప్లగ్గు బయటికి లాగి, తీగె మీటింది. స్పీకర్ మోగింది. ప్లగ్గు లోపలికి తోసి మీటింది. స్పీకర్ మోగింది. హెడ్‌ఫోన్లూ మోగాయి. లోపలికి తోస్తే స్పీకర్‌ని ఆపవలసిన ఆ కన్నంలో ఏదో వంగిపోయింది. మియోద్రాగ్ ఇంట్లో పరీక్షించినప్పుడు గదిలో వినడానికి ఇంకో చెవి లేదు, అందరూ మిరపకాయల దగ్గరున్నారు. సోమవారం నుంచీ ఈ గదిలో కూడా ఇంకో చెవి లేదు.

ఇంకో చెవులన్నీ కిందే ఉన్నాయి.

"నేనే," అంది నెవెన. "బైరామ్ కాదు. నేనే."

ఏ బైరామ్, ఏంటి అని వుకాషిన్ అడిగాడు. మీటింగు గురించి ఆమె అతనికి చెప్పనే లేదు. ఇప్పుడు చెప్పింది. లెపోసావ అన్న మాట కూడా చెప్పింది. బురెక్ బల్ల మీద చల్లారిపోతోంది. వుకాషిన్ ఆ పొట్లాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

"విను," అన్నాడు చివరికి. "ఈ రోజుతో ఆపేద్దాం. కన్నం బాగుచేయిద్దాం. మోత ఆగితే గొడవ దానంతటదే చల్లబడుతుంది. రదిసావ్‌తో నేను విడిగా మాట్లాడతా, మగాడితో మగాడిలా. బైరామ్ కాదట, ఎవరో వీధిలో కారులో పాటలు పెట్టారట, అని ఏదో ఒకటి. అతనూ ఇక్కడే ఉంటాడు, నీ పేరు రాదు. ఈ మెట్ల మీద మనం ముప్పై ఏళ్ళు బతకాలి నెవెనా. రేపు అందరూ జగోర్క ఇంట్లో ఉంటారు. దుఃఖంలో ఉన్న మనిషి నెత్తిన వాయించిన కోడలని నిన్ను..." అతను పూర్తి చెయ్యలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అతని చెయ్యి వెచ్చగా ఉంది. ఆ మాటల్లో నెవెన ఒక నిమిషం హాయిగా కూర్చుంది. కారులో ఎవరో పెట్టారట. ఎంత బాగుంది. తర్వాత లేచి, జోళ్ళు కూడా వేసుకోకుండా, పక్కింటి తలుపు కొట్టింది.

బైరామ్ తలుపు తీశాడు. వెనక అట్టపెట్టెలు. కీబోర్డుని దుప్పట్లో చుట్టి తాళ్ళతో కట్టాడు.

"బైరామన్నా, అది నేను. నా యాంప్. హెడ్‌ఫోన్ కన్నం చెడిపోయింది, స్పీకర్ కూడా మోగుతోంది. నేను ఇప్పుడే..."

"తెలుసు," అన్నాడు బైరామ్.

"ఎలా?" అంది నెవెన.

"మధ్యలో ఉన్నది ఒక్క ఇటుక గోడ చెల్లెమ్మా. గిటారుకీ కీబోర్డుకీ తేడా తెలియకుండానే నాకు పెళ్ళిళ్ళలో అన్నం పెడుతున్నారా? సోమవారం నుంచీ వింటున్నా. ఒక చోట చిటికెన వేలు అందట్లేదు నీకు." గోడ వైపు తల ఊపాడు. "ఇందాక అందింది."

"మరి మీటింగులో చెప్పలేదేం?"

"నేను చెప్తే ఏమయ్యేది? కొత్తకోడలి మీద తోసేస్తున్నాడు, చూశారా వీడి తెలివి, అనేవాళ్ళు. అప్పుడు శనివారం దాకా కూడా ఉండనిచ్చేవాళ్ళు కాదు." అతని గొంతులో కోపం లేకపోవడమే ఆమెకి కష్టంగా ఉంది. "నువ్వు చెప్తావనుకున్నా. నీ వైపే చూశా. నువ్వు తల దించుకున్నావు."

"నాకు తెలియదన్నా! ఒట్టు. నా చెవుల్లోనే మోగుతోందనుకున్నా."

"నేను నీకు తెలుసనుకున్నా," అన్నాడు బైరామ్. "మెట్ల మీద నమ్ముతున్నానన్నావు చూడు. అప్పుడు ఈ అమ్మాయి గట్టిదిరా అనుకున్నా."

నెవెన గుమ్మానికి చెయ్యి ఆనించింది. తను తల దించుకున్నప్పుడు తెలియదన్నది నిజం. కానీ ఎందుకు దించుకుందో ఆమెకి తెలుసు. మోగుతున్నది తనదని తెలిసినా అక్కడ తల ఎత్తేదో లేదో, ఆ సంగతి ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

"క్షమించండి," అంది.

"నాకెందుకు చెప్తున్నావు? నాకు ముందే తెలుసు." అతను తాడు ముడి ఒకటి లాగి బిగించాడు. "నన్ను నలుగురిలో అన్నారు. చెప్పాలనుకుంటే నలుగురిలో చెప్పు. నా చెవిలో చెప్పి, వాళ్ళతో కారు ఎవరిదో అని చెప్పించకు. ఆ గోడ ఎంత పలచనో చెప్పాగా."

తలుపు మూసుకోలేదు. అతను వెనక్కి వెళ్ళి ఇంకో అట్టపెట్టె అడుగున టేపు అంటిస్తూ కూర్చున్నాడు.

నెవెన తిరిగొచ్చేసరికి వుకాషిన్ బురెక్ రెండు పళ్ళేల్లో సర్ది, తినకుండా కూర్చున్నాడు. ఆమె తన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ఒక ముక్క తుంచింది. చల్లారినా బాగుంది. ఆకలేస్తున్నందుకు సిగ్గేసింది, అయినా తిన్నది.

"రేపు శ్మశానానికి ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అంది.

"పదింటికట. ముందు అందరూ జగోర్క ఇంట్లో కాఫీ తాగి, ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు నోట్లో వేసుకుని వెళ్తారు. ఎందుకు?"

"రదిసావ్ బాబాయ్ ఉంటాడుగా? లెపోసావ?"

"అందరూ ఉంటారు. నెవెనా, నువ్వు..."

"వాళ్ళు నా మాట నమ్మరు. పాపం కొత్తపిల్ల, అతని మీద జాలితో తన మీద వేసుకుంటోంది అంటారు. లెపోసావ అయితే నా తల నిమిరి మరీ అంటుంది." ఆమె వేళ్ళు తుడుచుకుంది. "అందుకే ముందు నేను జగోర్క పిన్నిని వంటింట్లోకి పిలిచి, కాళ్ళు పట్టుకునైనా సరే, ఒక్క స్వరానికి ఒప్పుకోమని అడుగుతా. ఒప్పుకోకపోతే యాంప్ భుజాన వేసుకుని కిందికి తెచ్చి ఆ కన్నం చూపిస్తా. ఒప్పుకుంటే నీకు ఫోన్ చేస్తా."

"నాకా?"

"నువ్వు ఇక్కడే ఉంటావు. మంచం అంచున. ప్లగ్గు లోపలే ఉండాలి, మీటలు ఇప్పుడున్నట్టే ఉండాలి, ముట్టుకోకు. బైరామన్న తలుపు తొమ్మిదిన్నరకి నేనే కొడతా. వస్తే నా పక్కన నిలబడతాడు. రాకపోతే ఆయన లేకుండానే చెప్తా. నా ఫోన్ రాగానే నువ్వు వాయించాలి."

వుకాషిన్ మూలనున్న గిటార్ వైపు చూశాడు. "నాకు ఊడవడమే వచ్చు."

"ఒక్కసారి ఊడువు, చాలు. నా ఫోన్ ఎత్తాకే హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకో." నెవెన తన చేతిలోని ముక్క అతని పళ్ళెంలో పెట్టింది. "రేపు నేను కింద ఉంటా, వాళ్ళందరితో పాటు. పై నుంచి ఎలా వినపడుతుందో నేనూ వినాలి."